పాత ఐ3 డెస్క్‌టాప్‌కు 15,000 రూపాయలు: దేని మీద పెట్టాలి?

కావలి నుంచి మీరు అడిగింది క్లుప్తంగా ఇది. ఇంట్లో ఉన్నది నాలుగో తరం ఇంటెల్ ఐ3, హెచ్81 బోర్డు (అన్ని భాగాలూ అమర్చే మదర్‌బోర్డు), 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్. అమ్మాయి బీటెక్ సీఎస్ఈలో చేరింది. కంప్యూటర్ ఆన్ చేస్తే పని మొదలుపెట్టడానికి పది నిమిషాలు పడుతోంది. చేతిలో 15,000 ఉంది. షాపతను గ్రాఫిక్స్ కార్డు వేయిస్తే వేగం వస్తుందన్నాడు.

గ్రాఫిక్స్ కార్డు వద్దండీ. ఆటలకు, వీడియో ఎడిటింగ్‌కు అది కావాలి కానీ, సీ, పైథాన్, జావా నేర్చుకునే అమ్మాయికి ప్రాసెసర్‌లోనే ఉన్న గ్రాఫిక్స్ చాలు. మీ ఆలస్యానికి కారణం వేరే చోట ఉంది. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. కంప్యూటర్ ఆన్ చేసిన వెంటనే అందులో డిస్క్ గడి చూడండి. అది నూటికి నూరు దగ్గర ఆగిపోయి కనిపిస్తే, హార్డ్ డిస్కే అడ్డం పడుతోందని అర్థం. తిరిగే పళ్లెం మీద హెడ్డు ఒక చోటి నుంచి మరో చోటికి జరగడానికే ప్రతిసారీ పది మిల్లీసెకన్ల దాకా పడుతుంది. విండోస్ మొదలయ్యేటప్పుడు అలాంటి చిన్న చిన్న పనులు వేల సంఖ్యలో ఉంటాయి. హార్డ్ డిస్క్ బదులు చిప్‌లలో డేటా దాచే ఎస్ఎస్‌డీలో కదిలే భాగమే లేదు కాబట్టి ఆ నిరీక్షణ పోతుంది. నెల్లూరులో మా ఇంట్లో ఇదే తరం యంత్రానికి ఎస్ఎస్‌డీ వేశాక, మా అబ్బాయి చదువు పూర్తయ్యేదాకా అది హాయిగా పనిచేసింది.

ఇంతకంటే ముఖ్యమైన మాట ఒకటి ఉంది. మీ బోర్డు వయసు దాదాపు అయిపోయింది. ఇవాళ కాకపోయినా రెండేళ్లకు మార్చాల్సిందే. కాబట్టి ఇప్పుడు పెట్టే ప్రతి రూపాయికీ ఒకే ప్రశ్న వేసుకోండి: ఈ వస్తువు రేపు కొత్త బోర్డుకు పనికొస్తుందా? పనికొచ్చేదైతే మంచిది కొనండి. పాత బోర్డుతోనే పోయేదైతే అతి తక్కువలో ముగించండి.

ఆ లెక్కన మొదటి స్థానం 500 జీబీ సాటా ఎస్ఎస్‌డీది, అంటే హార్డ్ డిస్క్ లాగే కేబుల్‌తో బోర్డుకు తగిలించే రకం. కొత్త బోర్డుల్లోనూ సాటా పోర్టులు ఉంటాయి. బోర్డు మీదే నేరుగా గుచ్చే ఎన్‌వీఎంఈ రకం ఎక్కువ వేగమే కానీ, హెచ్81 బోర్డుల్లో సాధారణంగా దానికి స్లాటు ఉండదు. ఒక చిన్న సంగతి మెకానిక్‌లు కూడా మర్చిపోతుంటారు. ఈ హెచ్81 చిప్‌సెట్‌కు (బోర్డులోని ముఖ్య చిప్) నాలుగు సాటా పోర్టులుంటే వాటిలో రెండే 6 గిగాబిట్ల వేగానివి, మిగతా రెండూ 3 గిగాబిట్లవి. ఎస్ఎస్‌డీ కేబుల్ వేగంగా ఉన్నదానికే పెట్టించండి, బోర్డు మీద ముద్రించిన అక్షరాలు చూస్తే తెలిసిపోతుంది. పాత హార్డ్ డిస్క్‌ను తీసేయకండి. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాంతో దాని ఆరోగ్యం చూసి, బాగుంటే ఫొటోలకు, సినిమాలకు వాడుకోండి.

రెండోది ఎస్ఎంపీఎస్, అంటే కంప్యూటర్ భాగాలకు కరెంటు అందించే పెట్టె. దీని గురించి ఎవరూ పట్టించుకోరు, నాకు బాధ కలిగించే విషయం అదే. క్యాబినెట్‌తో పాటు ఉచితంగా వచ్చిన డబ్బాల మీద 450 వాట్లని రాసి ఉన్నా, అంత భారం మోయగలవన్న భరోసా లేదు. ఎండాకాలం మన దగ్గర నలభై డిగ్రీలు దాటుతుంది, సాయంత్రం ఏసీలన్నీ ఒకేసారి ఆన్ అయ్యాక వోల్టేజి పడిపోతుంది, కరెంటు పోయి వచ్చేటప్పుడు ఒక్కసారిగా ఎగబాకుతుంది. ఆ దెబ్బంతా ముందు తినేది ఎస్ఎంపీఎస్సే. నాసిరకానిదైతే పోతూ పోతూ బోర్డునూ తీసుకుపోతుంది. కరెంటు వృథా తక్కువని చెప్పే 80 ప్లస్ బ్రాంజ్ ముద్ర ఉన్న, పేరున్న కంపెనీది తీసుకోండి. రేపు అది కొత్త బోర్డుకూ సరిపోతుంది. దాంతో పాటు 600 వీఏ యూపీఎస్ ఒకటి ఉంటే, రాసిన ప్రోగ్రాం సేవ్ చేసుకునేంత వ్యవధి అమ్మాయికి దొరుకుతుంది.

క్యాబినెట్‌ను చేత్తో తాకితే జివ్వుమంటోందా? అలా ఉంటే ఏ వస్తువూ కొనకముందే ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్తింగ్ చూపించండి. న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య రెండు మూడు వోల్టులకు మించి చూపకూడదు.

ర్యామ్ విషయంలో మాత్రం పొదుపు చూపండి. మీ బోర్డుకు పట్టేది డీడీఆర్3. డీడీఆర్4, డీడీఆర్5 స్లాట్లలో అది కూర్చోదు, గాడి ఉండే చోటే వేరు. అంటే బోర్డుతోనే పోయే వస్తువు. వాడిన 4 జీబీ కర్ర ఒకటి తెచ్చి రెండో స్లాట్‌లో పెడితే 8 జీబీ అవుతుంది, రెండు కర్రలు జంటగా పనిచేస్తాయి. కొన్నాక ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86 అనే ప్రోగ్రాం రాత్రంతా నడిపి చూడండి. మా బావగారి ఇల్లు మైపాడు వైపు, సముద్రానికి దగ్గర. అక్కడి ఉప్పు గాలికి ర్యామ్ కాళ్లకు మచ్చలు పడి కంప్యూటర్ ఆన్ కాకుండా మొరాయిస్తుంటుంది. పెన్సిల్ రబ్బరుతో నెమ్మదిగా రుద్ది తిరిగి పెడితే సరిపోతుంది. కావలిలోనూ ఇది పనికొచ్చే కిటుకు.

విండోస్ సంగతి దాచకుండా చెప్పాలి. విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. భద్రతా అప్‌డేట్లకు నమోదు చేసుకున్నవారికి 2026 అక్టోబరు వరకు గడువు ఉంది. విండోస్ 11 అధికారికంగా ఎనిమిదో తరం ఇంటెల్ నుంచే పనిచేస్తుంది కాబట్టి మీ ఐ3కి రాదు. సీఎస్ఈ చదివే పిల్లకు విండోస్ బదులు వాడే లైనక్స్ మింట్ వేసివ్వడం నా మనసుకు నచ్చిన దారి. అది ఉచితం, కాలేజీలో నేర్పే భాషలన్నీ అందులో నడుస్తాయి, రేపు ఉద్యోగంలోనూ లైనక్స్ తెలిసి ఉండటం మేలు. ఇంట్లో ఎవరైనా ఖాతాల లెక్కలకు టాలీ వాడుతుంటే మాత్రం విండోస్ ఉంచుకోక తప్పదు.

మూడో సంవత్సరంలో మొబైల్ యాప్‌లు తయారుచేసే ఆండ్రాయిడ్ స్టూడియోలో ఎమ్యులేటర్ (తెర మీద నడిచే నమూనా ఫోన్) నడపాలంటే 16 జీబీ ర్యామ్ కావాలి. అప్పుడు బోర్డు, ప్రాసెసర్, ర్యామ్ మూడూ మార్చండి. ఏఎండీ ప్రాసెసర్ రైజెన్ 5 5600జీ గానీ ఇంటెల్ ఐ3 12100 గానీ తీసుకుంటే వేరే గ్రాఫిక్స్ కార్డు అక్కర్లేదు. ఇంటెల్‌లో పేరు చివర ఎఫ్ ఉంటే అందులో గ్రాఫిక్స్ ఉండదు, ధర తక్కువని తెచ్చుకుంటే తెర మీద బొమ్మే రాదు. కంపెనీలు వాడి అమ్మేసిన ఎనిమిదో తరం ఐ5 డెస్క్‌టాప్‌లూ దొరుకుతాయి, వాటిలో విండోస్ 11 నడుస్తుంది. కానీ వాటిలో చాలావాటికి ఎస్ఎంపీఎస్ కనెక్టర్ కంపెనీ సొంత పద్ధతిలో ఉంటుంది, బయటిది పట్టదు.

ధరలు నేను రాయడం లేదు. ఏఐ డేటా సెంటర్ల గిరాకీ వల్ల 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు విపరీతంగా పెరిగాయి, యూట్యూబ్‌లోని పాత లెక్కలు పనికిరావు. ఒక్క ఎస్ఎస్‌డీ కోసం చెన్నైలోని ఎలక్ట్రానిక్స్ బజారు రిచ్చీ స్ట్రీట్‌కు వెళ్లడం దండగ, నెల్లూరులోనో కావలిలోనో కొనండి. బోర్డు, ప్రాసెసర్, ర్యామ్ మూడూ కలిపి కొనేటప్పుడు రైలెక్కితే గిట్టుబాటవుతుంది. ఎక్కడ కొన్నా జీఎస్టీ బిల్లు మీద సీరియల్ నంబరు రాయించుకోండి, వారంటీకి అదే ఆధారం.

బోర్డు మీద ముద్రించిన మోడల్ పేరు, ఎస్ఎంపీఎస్ లేబులు ఫొటో తీసి పెట్టండి. ఉన్న ఎస్ఎంపీఎస్ ఇంకా కొన్నాళ్లు ఆగగలదో లేదో చూసి చెబుతాను.