క్లాసిక్‌కి మీటియర్ వీల్స్ వేయించి పడ్డాను, మెకానిక్ మీదా ఇన్సూరెన్స్ మీదా కేసు వెయ్యొచ్చా?

సందేహం: మాది కావలి పక్కన పల్లెటూరు. నాది రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350, స్పోక్ వీల్స్. పంచర్ అయినప్పుడల్లా ట్యూబుతో చస్తున్నానని నేనూ మా మెకానిక్కూ చెన్నై పుదుపేటకి పొయ్యి మీటియర్ 350 అలాయ్ వీల్స్ జత సెకండ్ హ్యాండ్‌లో తెచ్చాం, అతనే ఫిట్ చేశాడు. ఏబీఎస్ (బ్రేక్ కొడితే చక్రం పట్టెయ్యకుండా చూసేది) లైట్ ఆరడం లేదంటే ఏం కాదులే అన్నాడు. నాలుగు నెలల కిందట హైవే మీద బ్రేక్ కొడితే వెనక చక్రం పట్టేసి పడ్డాం. నా కాలు విరిగింది, వెనక కూర్చున్న మా బావమరిదికి భుజం విరిగింది. హాస్పిటల్‌కి లక్షా ఎనభై వేలు అయింది, అత్తగారింట్లో తలెత్తుకోలేకపోతున్నా. ఏజెంట్ చెప్పాడని క్లెయిమ్ ఫారంలో కుక్క అడ్డం వచ్చిందని రాశాం, అయినా వీల్స్ మార్చారని ఇన్సూరెన్స్ వాళ్ళు కొట్టేశారు. ఇప్పుడు మెకానిక్ ఆ వీల్స్ తనకిచ్చేస్తే పదిహేను వేలిస్తానని, పాత వీల్స్ బిగించి పెడతా మళ్ళీ సర్వే పెట్టించుకో అని అంటున్నాడు. ఇద్దరి మీదా కేసు వేస్తే గెలుస్తామా?

జవాబు: మీరు రాసిన నాలుగు పేజీల్లో మూడు పేజీలు అత్తగారింటి మాటలే, ఇక్కడ కుదించి వేశాను. వాటి గురించి నేను చెప్పేదేం లేదు. నాకు కావాల్సిన లైను ఒక్కటే, దాన్నేమో మీరు మాటవరసకి అన్నట్టు అనేసి దాటేశారు. క్లెయిమ్ ఫారంలో కుక్క అడ్డం వచ్చిందని రాశాం అన్నారే, అదీ. మీ కేసంతా ఇప్పుడు ఆ కుక్క చుట్టూ తిరుగుతుంది.

ఎట్లాగంటే, మెకానిక్ దగ్గర డబ్బులు రావాలంటే చక్రం పట్టేయడం వల్లే పడ్డామని మీరు రుజువు చెయ్యాలి. ఇన్సూరెన్స్ దగ్గర రావాలంటేనేమో చక్రానికీ ప్రమాదానికీ సంబంధం లేదు, కుక్కే కారణం అనాలి. రెండు పడవల మీద కాళ్ళు పెట్టి ఇద్దరి మీదా కేసు వెయ్యమంటున్నారు మీరు. మెకానిక్ తరఫు వకీలు మొట్టమొదట తెప్పించేది మీ సంతకం ఉన్న ఆ క్లెయిమ్ ఫారమే, దాన్ని మీ చేతిలో పెట్టి ఈ సంతకం మీదేనా అని అడిగితే ఏం చెప్తారు? సంతకం పెట్టేముందు ఒక్కసారి చదివారా, లేక ఏజెంటు వేలు చూపించిన చోటల్లా పెట్టేశారా? ఏజెంటుకి పొయ్యేదేం లేదు, ఇరుక్కునేది మీరు.

అందుకని ముందు ఒకటి తేల్చుకోండి, నిజం ఏది? మీ ఉత్తరాన్ని బట్టి చూస్తే చక్రమే. అయితే ఇన్సూరెన్స్ సంగతి వదిలెయ్యండి. బండి రిపేరు ఎస్టిమేట్ 38 వేలు అని రాశారు, దానికోసం లక్షా ఎనభై వేల కేసు పాడుచేసుకోవద్దు. నిజానికి మొదట్లోనే ఉన్నదున్నట్టు రాసుంటే కొట్లాడేదానికి చోటుండేది. 2010లో అమలేందు సాహూ కేసులో సుప్రీంకోర్టు, పాలసీ షరతు తప్పినంత మాత్రాన క్లెయిమ్ మొత్తం ఎగ్గొట్టకూడదు, నాన్ స్టాండర్డ్ లెక్కన, అంటే కొంత కోసి మిగతాది ఇవ్వొచ్చు అంది. షరతు తప్పిన వాడికి ఆ దారి ఉంది గానీ ఫారంలో అబద్ధం రాసిన వాడికి కష్టం. ఇన్సూరెన్స్ ఫిర్యాదులు వినే అంబుడ్స్‌మన్ దగ్గరికి పొమ్మని ఎవరన్నా సలహా ఇస్తారు, అక్కడికీ ఆ ఫారమే పోతుంది. క్లెయిమ్ వెనక్కి తీసుకుంటున్నానని రెండు ముక్కల ఉత్తరం రాసి స్పీడ్ పోస్టులో పంపించి ఊరుకోండి, అందులో కథలేం చెప్పొద్దు.

ఇంక మెకానిక్ ఇస్తానంటున్న పదిహేను వేలు. ఆ డబ్బు ముట్టుకోవద్దు, ఆ చక్రం షెడ్డు దాటకూడదు. అతను అంత ఉదారంగా ఎందుకిస్తున్నాడో ఆలోచించారా? మీ చేతిలో ఉన్న అసలు సాక్ష్యం ఆ చక్రమే, అది పోతే చక్రం గురించి మిగిలేది ఎక్కువగా మీ నోటి మాటే, ఆ నోటితోనే కుక్క అని కూడా చెప్పున్నారు. పైగా పాత వీల్స్ బిగించి మళ్ళీ సర్వేకి పిలవడమంటే అది మోసం, భారతీయ న్యాయ సంహిత 318 నాలుగో సబ్ సెక్షన్ కింద ఏడేళ్ళ దాకా జైలు పడే చీటింగ్ కేసు. మొదటి సర్వేయర్ తీసిన ఫొటోలు వాళ్ళ ఫైల్లో ఉన్నాయని అతను మర్చిపోయినా మీరు మర్చిపోవద్దు.

మీరు పంపిన ఫొటోలు పెద్దవి చేసి చూశాను. టైరు ఎడం అంచున రబ్బరు గీసుకుపొయ్యి మెరుస్తా ఉంది, చైన్ తిరిగే స్ప్రాకెట్ పళ్ళు ఒక పక్కే అరిగాయి, యాక్సిల్ పక్కన లేత్ మీద తిప్పించిన బుష్ ఒకటి కొత్తగా తళతళలాడతా ఉంది. ఒకే కంపెనీ, ఒకే 350 ఇంజను కదా కళ్ళు మూసుకుని పడుద్ది అని మీ మెకానిక్ అనుంటాడు. ముందు చక్రం వరకు రెండిటికీ 19 అంగుళాలే, గొడవంతా వెనక. క్లాసిక్‌కి 120/80, 18 అంగుళాల రిమ్ము, మీటియర్‌కి 140/70, 17 అంగుళాలు. అంటే రిమ్ము ఒక అంగుళం చిన్నది, టైరు 20 మిల్లీమీటర్లు వెడల్పు, ఆ వెడల్పు చైన్ పక్కకీ, వెనక చక్రాన్ని పట్టుకునే స్వింగ్ ఆర్మ్ పక్కకీ జరగాలి. లైను కుదరలేదని బుష్ పెట్టాడు. చక్రంతో పాటు తిరిగే చిల్లుల రింగుని ఏబీఎస్ సెన్సార్ చదవాలి, ఆ చదివేది సరిగ్గా లేకపోతే సిస్టం లైటు వెలిగించి తను పక్కకి తప్పుకుంటుంది, ఆ తర్వాత గట్టిగా బ్రేక్ కొడితే చక్రం పట్టేయడంలో వింతేం లేదు. అసలు క్లాసిక్‌లోనే అలాయ్ వీల్స్‌తో వచ్చే వేరియంట్ ఉంది, 19, 18 సైజులోనే, ట్యూబ్‌లెస్. ఆ వీల్స్ తెచ్చుకుని ఉంటే ఈ ఉత్తరం రాసే పనే లేదు.

అయితే ఇవన్నీ నేను ఫొటో చూసి చెప్పే మాటలు, వినియోగదారుల కమిషన్ ముందు పనికిరావు. బండిని ఉన్నచోటే ఉన్నట్టు ఉంచండి, తుడవొద్దు, చైన్ బిగించొద్దు. లైసెన్స్ ఉన్న సర్వేయర్‌నో చార్టర్డ్ ఇంజనీర్‌నో పిలిపించి, కొలతలతో, తేదీ పడే ఫొటోలతో రిపోర్టు రాయించుకోండి, మెకానిక్‌కి ముందే నోటీసిచ్చి రమ్మనండి, రాకపోతే అది కూడా రిపోర్టులో రాయించండి. తర్వాత కంప్లయింట్‌తో పాటే చక్రాన్ని సీల్ చేయించి పరీక్షకి పంపమని పిటిషన్ వెయ్యొచ్చు, వస్తువుని ల్యాబ్‌కి పంపే అధికారం 2019 వినియోగదారుల చట్టం 38వ సెక్షన్‌లో కమిషన్‌కి ఉంది.

బిల్లు లేదని దిగులు పడుతున్నారు. వీల్స్‌కి పుదుపేటలో నగదు కట్టారు కాబట్టి అమ్మినవాడి మీద ఏమీ లేదు, వాడు ఎవడో కూడా మీకు తెలీదు. ఆ వీల్స్ దొంగ సరుకైతే ఇంకో తలనొప్పి, బిల్లు లేకుండా పార్టులు కొనేవాళ్ళకి ఎన్నిసార్లు చెప్పినా అంతే. కానీ ఫిటింగ్ కూలి 3500 ఫోన్‌పేలో మెకానిక్‌కే పంపారు కదా, అది చాలు. మీ కేసు చక్రం అమ్మినందుకు కాదు, తప్పుగా బిగించినందుకు, లైటు వెలుగుతున్నా బండి మీ చేతికిచ్చినందుకు. ఏం కాదులే అన్నది వాట్సాప్ వాయిస్‌లో ఉందన్నారు, అది బంగారం. ఆ ఫోను అమ్మొద్దు, రీసెట్ చెయ్యొద్దు, భారతీయ సాక్ష్య అధినియం 63 కింద ఎలక్ట్రానిక్ సాక్ష్యానికిచ్చే సర్టిఫికెట్‌తో కలిపి వెయ్యాలి. హాస్పిటల్ కేస్ షీట్ కాపీ ఈ వారమే తెచ్చుకోండి, చేర్చుకున్న రాత్రి డాక్టరు ఎట్లా జరిగిందని అడిగి రాసిన లైను ఒకటుంటుంది. అందులో బండి స్కిడ్ అయింది అని ఉంటే మీకు ప్రాణం వచ్చినట్టు, కుక్క అని ఉంటే మళ్ళీ నాకు రాయండి, అప్పుడు మాట వేరు.

క్లెయిమ్ ఫారం సంగతి వాళ్ళు బయటపెట్టేదాకా ఆగొద్దు. ఏజెంట్ చెప్పగా రాశాను, అది నిజం కాదు అని మీ అఫిడవిట్‌లో మీరే ముందు రాయండి. పరువు పోతుంది గానీ కేసు నిలుస్తుంది.

కంప్లయింట్‌కి రెండేళ్ళు గడువు, అదే వినియోగదారుల చట్టం సెక్షన్ 69. మీరుండే చోటే వెయ్యొచ్చు కాబట్టి నెల్లూరు జిల్లా కమిషన్‌లోనే వెయ్యండి, మీరు కట్టిన మొత్తం 5 లక్షల లోపు కాబట్టి ఫీజు కూడా లేదు. రెండేళ్ళుంది కదా అని పడుకోవద్దు. అట్లాగని లక్షా ఎనభై వేలూ వస్తాయని కూడా అనుకోవద్దు, లైటు వెలుగుతున్నా నెలలతరబడి హైవే ఎక్కారు, ఆ వాటా మీ మీద పడుతుంది. వీల్స్ మార్చమన్నదీ మీరే. మోటారు వాహనాల చట్టం 52 ప్రకారం బండి నిర్మాణాన్ని మార్చి దాని మూల స్వరూపం మారిస్తే తప్పు, వీల్ మార్చడం అందులోకి వస్తుందా లేదా అని వాదించుకోవచ్చు. కానీ 182ఏ కింద ఒక్కో మార్పుకి 5000 జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా రాసుంది, మీ కంప్లయింట్‌లో మీరే మార్చామని ఒప్పుకుంటారు కాబట్టి అది తెలిసే దిగండి.

మీ బావమరిదిది మాత్రం అర్జెంటు, మీకంటే ముందు అతనిది చూడాలి. మీది కాంప్రహెన్సివ్ పాలసీ అయితే వెనక కూర్చున్నవాడికి కవర్ ఉంటుంది, ఒట్టి థర్డ్ పార్టీ అయితే ఉండదు, పాలసీ కాగితం తీసి ఇప్పుడే చూడండి. ఉంటే, వీల్స్ మార్చారనే సాకు అతని మీద పనిచెయ్యదు, మోటారు వాహనాల చట్టం సెక్షన్ 150లో కంపెనీ తప్పించుకోగల కారణాలు లెక్కపెట్టి రాసున్నాయి, వీల్ మార్పిడి వాటిల్లో లేదు. కానీ 2022 ఏప్రిల్ 1 నుంచి ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో వెయ్యాలి. ఆ గడువు రూలు మీద సుప్రీంకోర్టులో సవాలు పడింది, దాన్ని నమ్ముకుని కూర్చోవద్దు, మీకింకా రెండు నెలలుంది. పోలీసు కంప్లయింట్ ఇవ్వలేదన్నారు. ఇప్పుడిస్తే నడిపింది మీరు కాబట్టి ఎఫ్‌ఐఆర్ మీ మీదే అవుతుంది, దానికి భయపడి బావమరిది హక్కు పోగొట్టొద్దు. ఆలస్యానికి కారణం హాస్పిటల్లో ఉండటమే కాబట్టి డిశ్చార్జ్ సమ్మరీ జతచేసి ఇవ్వండి, స్టేషన్లో తీసుకోకపోతే ఎస్పీకి పోస్టులో పంపండి. అప్పుడు బ్రేక్ ఇన్‌స్పెక్టర్ వచ్చి బండి చూసి రిపోర్టు ఇస్తాడు, అది మీ మెకానిక్ కేసులోనూ పనికొస్తుంది. కాబట్టి ఆ రిపోర్టు అయ్యేదాకా కూడా చక్రం కదల్చకూడదు. అత్తగారితో మాట్లాడాల్సిందేమన్నా ఉంటే ఈ పిటిషన్ సంగతి మాట్లాడండి, అతను వేసేది మీ బండి పాలసీ మీద గానీ మీ జేబు మీద కాదని చెప్పండి.

ఈపాటికే చక్రం ఇచ్చేసుంటే, ఇచ్చిన తేదీ వేసి దాన్ని భద్రంగా ఉంచమని మెకానిక్‌కి ఇవాళే నోటీసు పంపండి, సర్వే రిపోర్టు కాపీ ఫొటోలతో సహా కావాలని ఇన్సూరెన్స్‌కి రాయండి, అడిగితే పాలసీదారుకి ఆ కాపీ ఇవ్వాల్సిందే.