తగ్గినట్టే తగ్గి మళ్ళీ వచ్చే తామర

ప్రశ్న: డాక్టర్ గారూ, మావారికి గజ్జల్లో తామర వచ్చి ఆరు నెలలైంది. మెడికల్ షాపులో ఇచ్చిన ట్యూబ్ రాస్తే రెండ్రోజుల్లో దురద పోతుంది, ఆపగానే మళ్ళీ మొదలు. ఇప్పుడు పొట్ట మీదికి పాకింది, మా బాబుకి కూడా మెడ మీద గుండ్రంగా వచ్చింది. ఏ మందు వాడాలి?
- ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: అమ్మా, ముందు ఆ ట్యూబ్ మీద సన్నక్షరాల్లో ఏముందో చదవండి. క్లోబెటసాల్, బీటామెథసోన్ లాంటి పేరుంటే అది స్టెరాయిడ్ కలిపిన క్రీము. రెండ్రోజుల్లో దురద పోయిందంటున్నారు కాబట్టి నా అనుమానం అదే. స్టెరాయిడ్ ఎరుపునీ దురదనీ అణిచేస్తుంది గానీ తామర తెచ్చే ఫంగస్‌ని చంపదు, పైగా అక్కడ చర్మానికి ఎదిరించే శక్తి తగ్గిపోయి ఫంగస్ ఇంకా పాకుతుంది. గజ్జల్లో చర్మం పల్చబడి చారలు పడితే అవి పూర్తిగా పోవు. 2018లోనే గవర్నమెంటు ఇలాంటి స్టెరాయిడ్ క్రీములు డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదని షెడ్యూల్ హెచ్‌లో పెట్టింది, అయినా అడిగినవాళ్ళకల్లా ఇచ్చేస్తున్నారు, చూస్తుంటే చాలా బాధేస్తుంది.

ఆ ట్యూబ్ ఆపేయండి. ఆపాక కొన్నాళ్ళు దురద, ఎరుపు ఎక్కువవ్వొచ్చు, భయపడి మళ్ళీ అదే రాయొద్దు, ఆలోపే స్కిన్ డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. మచ్చ అంచు దగ్గర పొట్టు గీకి మైక్రోస్కోప్ కింద చూస్తే ఫంగస్ ఉందో లేదో తెలిసిపోతుంది.

ఒకప్పుడు ఫంగస్‌ని చంపే టెర్బినాఫిన్ టాబ్లెట్లు రెండు వారాలు వాడితే చాలామందికి తగ్గిపోయేది. ఇప్పుడు మన దేశంలో బాగా వ్యాపించిన ట్రైకోఫైటాన్ ఇండోటినియే అనే రకం ఫంగస్ చాలాసార్లు దానికి లొంగట్లేదు, ఎందుకంటే ఆ మందు పనిచేసే ఎంజైమే అందులో మారిపోయింది. అందుకే డాక్టర్లు ఎక్కువగా ఇట్రాకొనజోల్ అనే ఇంకో ఫంగస్ మందు రాస్తున్నారు. ఆ క్యాప్సూల్ భోజనం అవ్వగానే వేసుకోవాలి, పొద్దున్నే గ్యాస్ అని పాంటాప్రజోల్ వేసుకునే అలవాటుంటే ఇది ఒంటికి సరిగ్గా పట్టదు. గుండె బలహీనంగా ఉన్నా, లివర్ సమస్య ఉన్నా, కొలెస్ట్రాల్ టాబ్లెట్లు వాడుతున్నా ముందే చెప్పాలి.

ఫంగస్ క్రీము మచ్చ మీదే కాదు, చుట్టూ రెండు వేళ్ళ వెడల్పు దాకా రాయాలి, మచ్చ పోయాక కూడా ఇంకో రెండు వారాలు రాయాలి, చాలామంది ఇక్కడే ఆపేస్తారు. తువ్వాళ్ళు ఎవరివి వాళ్ళకే ఉంచండి. లోపలి బట్టలు వేడినీళ్ళలో ఉతికి తిరగేసి ఎండలో వేయండి, తడి ఆరకుండా తొడుక్కోవద్దు.

నాన్నకి రాసిన మందులు బాబుకి ఇవ్వొద్దు, పిల్లలకి డోసు బరువుని బట్టి ఉంటుంది, వాడికి క్రీముతోనే సరిపోవచ్చు కూడా. ఇద్దర్నీ ఒకేరోజు చూపించండి, ఒకరికి తగ్గి ఇంకొకరికి ఉంటే మళ్ళీ అంటుకుంటుంది. వెళ్ళేటప్పుడు ఆ పాత ట్యూబ్ కూడా పట్టుకెళ్ళండి.