కొట్టేసి మళ్లీ రాసిన పేరు

హనుమకొండ

బిడ్డా,

తాత మీద నువ్వు రాసిన పదకొండు పేజీలూ అందాయి. ఏడో పేజీ దగ్గర కోపం వచ్చి పక్కన పడేశాను. రాత్రి నిద్ర పట్టక మళ్లీ తీశాను. చేతిరాత ముద్దుగా ఉంది, వాక్యం తడబడదు. ఆ సంగతి ఇంతటితో చాలు.

కోపం ఎందుకో చెప్తా. తాత బైబిల్ వెనక అట్ట లోపల ఇంట్లో అందరి పుట్టినరోజులు రాసి ఉన్నాయన్నావు. అందులో కాక పేరు కొట్టేసి కింద మళ్లీ రాసి ఉందన్నావు. ఆ వెంటనే "తాత ప్రేమామూర్తి, ప్రార్థనాపరుడు" అనుకుంటూ వెళ్లిపోయావు. ఎట్లా వెళ్లబుద్ధయింది? తెల్లారకముందే మోకాళ్ల మీద ఉండే మనిషి తన పరిశుద్ధ గ్రంథంలో కన్నకొడుకు పేరు కొట్టేశాడు. ఏదో ఒకరోజు కూర్చొని అదే పేరు మళ్లీ రాశాడు. ఎందుకు కొట్టేశాడు? ఎన్నేండ్లకు రాశాడు? సిరా అదేనా, వేరేనా? ఆ మధ్యకాలంలో గుడిలో రొట్టె, ద్రాక్షారసం పంచే ప్రభు బల్ల దగ్గరికి వెళ్లాడా, వెనక బెంచీలోనే కూర్చుండిపోయాడా? కొడుకుతో మాట్లాడకుండా రొట్టె చేతిలోకి తీసుకోవడం అట్లాంటి మనిషికి తేలిక కాదు.

మిగతా పది పేజీలు ఎవరి తాత గురించైనా చదువుకోవచ్చు. మనిషి పోయాక పెట్టే ఆదరణ కూడికలో మైకు అందుకున్న ప్రతి పెద్దమనిషీ చెప్పేవే అవి. రెండో తిమోతి నాలుగో అధ్యాయం ఏడో వచనం, "మంచి పోరాటము పోరాడితిని", మన దిక్కు ఎన్ని సమాధుల మీద లేదు! నువ్వూ అక్కడికే తెచ్చి ఆపావు.

రెండు పేజీలు చరిత్రకిచ్చావు. 1912లో అజరయ్య గారు డోర్నకల్ బిషప్ కావడం, ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి అందుకున్న మొదటి భారతీయుడు ఆయనే కావడం, 1924 క్రిస్మస్ నాడు మెదక్ గుడి ప్రతిష్ఠ, 1947లో సీఎస్‌ఐ (దక్షిణ ఇండియా సంఘం) ఏర్పాటు. ఒక్కటీ తప్పు కాదు. మెదక్ గోపురం 175 అడుగులని రాశావు. తాత పొడుగో పొట్టో రాయలేదు. కరువులో ఆ గుడికి రాళ్లు మోసి ఆయన నాయిన కడుపు నింపుకున్నాడన్న ముక్క ఒక్కటి ఉంచు, తక్కినవి తీసెయ్.

కాజీపేట లోకో షెడ్డును మాత్రం ఒక్క లైనులో దాటేశావు. స్టీమ్ ఇంజిన్ల కాలం మనిషి! ఆదివారం నాటికైనా గోళ్ల సందుల్లో మసి పోయేదా? ఆ చేతులతోనే కదా కానుక సంచి పట్టుకొని బెంచీల మధ్య తిరిగింది. ఎసరు పెట్టే ముందు నాయినమ్మ పిడికెడు బియ్యం తీసి గుడి కోసం డబ్బాలో వేసేదన్నావు, అది బాగుంది. ఆ డబ్బా ఏ డబ్బా? పాలపొడిదా, డాల్డాదా?

ఇంకో మాట. నీ తాత మొదటి నుంచి చివరిదాకా బైబిల్ తెలుగే మాట్లాడాడు. "కుమారుడా, దేవుని యందు భయభక్తులు కలిగియుండుము" అంటాడు. ప్రార్థనలో అన్నాడంటే ఒప్పుకుంటా. కంచంలో అన్నం చల్లారుతుంటే "ఏందిరా గీ లొల్లి, ముందుగాల తినుండ్రి" అనలేదా? మన ఇండ్లలో ఆమెన్ దాకా ఒక తెలుగు, ఆమెన్ తర్వాత ఒక తెలుగు. రెండోదాన్ని నువ్వు ఇంట్లోనే వదిలేసి వచ్చావు.

నలభై ఏండ్ల కింద మా బాపు పోయినప్పుడు నేనూ రాశాను. బాపు ఉపదేశి, ఊరూరా వాక్యం చెప్పేవాడు. ఎండలో సైకిల్ మీద ఊళ్లు తిరిగి వచ్చి, కొట్టం వెనక్కి పోయి చుట్ట కాల్చేవాడు. అవ్వకు తెలుసు, మాకు తెలుసు, గుడి పాస్టర్ అయ్యగారికీ తెలుసు. ఎవరికీ తెలియదనుకునేది బాపు ఒక్కడే. నేను ఆ చుట్టతోనే మొదలుపెట్టాను. కూడికలో చదువుతానంటే సంఘపెద్దలు చుట్ట తీసెయ్యమన్నారు. ఒక పత్రికకు పంపితే సంపాదకుడు గుడి తీసెయ్యమన్నాడు, మతప్రచారంలా ఉందట. వ్రతాలూ జాతరలూ ఉన్న కథలకు ఆయన ఆ మాట అనగా నేను వినలేదు. రెండూ తీస్తే నాకు సైకిల్ ఒక్కటే మిగిలింది. ఆఖరికి ఇంకోచోట అచ్చయింది, "బాపు" ఉన్నచోటల్లా "నాన్నగారు" అని దిద్ది. ఇరవై మూడు చోట్ల, లెక్కపెట్టాను. మా ఇంట్లో నాన్నగారనే మనిషి ఎన్నడూ లేడు. దిద్దిన ఆ పెద్దమనిషే ఇప్పుడు సెప్టెంబర్ 9న కాళోజీ ఫొటోకు దండేసి మన భాష మీద గంటసేపు మాట్లాడతాడు. పోనీలే.

కాక సంగతి రాస్తే ఇంట్లో ఏమవుతుందోనని నీకు టెన్షన్ ఉండొచ్చు. అచ్చు వేయాలో వద్దో తర్వాత చూద్దాం, ముందైతే రాయి. కాకను నేరుగా అడగకు. నాయినమ్మ బియ్యం ఏరుతున్నప్పుడు పక్కన కూర్చో, పెన్నూ కాగితం తీయకు. ఆమె చెప్పేది వరుసలో ఉండదు, సరిచేయకు.

నాలుగు ప్రశ్నలడిగావు. వచనాలు ఎన్ని వాడొచ్చంటే, ఒక్కటి. అదీ తాత నోట్లో నలిగినదైతేనే. మిగతా మూడూ రాసిన కాగితం ఎక్కడో పెట్టాను, దొరకలేదు.

నవంబర్ 2న సమాధుల పండుగకు సున్నం వేయడానికి అందరూ పోతారు కదా. కాక వస్తే తాత సమాధి దగ్గర ఏ వైపు నిలబడతాడో చూడు. ఈలోగా ఆ అట్ట ఫొటో తీసి వాట్సాప్‌లో పంపు. ఫ్లాష్ వేయకు, నాకు సిరా రంగు కనబడాలి.