పెళ్లిపందిట్లో అమ్మ చోటు

ప్రశ్న: నాకు 39 ఏళ్లు. గుంటూరులో ఉంటాను. నాన్న పోయి ఏడాదిన్నర అయింది. పదో రోజున అమ్మకు గాజులు, బొట్టు తీసేస్తుంటే ఏడుస్తూ నిలబడ్డాను తప్ప ఏమీ చేయలేకపోయాను. వచ్చే నెల అన్నయ్య కూతురి పెళ్లి. అమ్మ పెళ్లికూతురికి ఎదురు రాకూడదని, అక్షింతలు కూడా వేయొద్దని మేనత్త చెప్పింది. నేను అడ్డం తిరిగితే డాలస్‌లో ఉండే అన్నయ్య ఫోన్‌లో, ‘మానవ హక్కులు తెల్లవాళ్ల మాట, మన ఆచారం మనది’ అన్నాడు. అమ్మేమో ‘నాకేం బాధ లేదమ్మా, నలుగురిలో గొడవ చేయకు’ అంటోంది. నేనేం చేయాలి?

జవాబు: అమ్మా, మీ అమ్మగారన్న ఆ మాట దగ్గరే ఆగిపోయాను. అందులో రెండు మాటలున్నాయి. ఒకటి ఆవిడ మనసు గురించి, రెండోది నలుగురి గురించి. ఏది అసలు మాటో పెళ్లిలోగా మీరు తెలుసుకోవాలి. అన్నిటికంటే ముఖ్యం అదే.

మీ అన్నయ్య వాదనను కొట్టిపారేయను. 1947లో అమెరికా మానవశాస్త్రవేత్తల సంఘం కూడా ఇలాంటి అనుమానమే చెప్పింది. బలమున్న దేశాలు తమ పద్ధతులను లోకమంతటి మీదా రుద్దుతాయేమోనని వాళ్ల భయం. ఆ భయంలో న్యాయముంది. అయితే 1999లో అదే సంఘం మానవ హక్కులకు మద్దతుగా ప్రకటన చేసింది. రుద్దడమే తప్పయితే, మీ ఇంట్లో ఎవరు ఎవరి మీద రుద్దుతున్నారో అన్నయ్యను ఆలోచించమనండి. మనుమరాలి పెళ్లిలో నానమ్మ వెనకగదిలో ఉండాలని ఆవిడను అడగకుండానే తేల్చేశారు.

ఇవి తెల్లవాళ్ల మాటలనడమూ నిజం కాదు. 1948 డిసెంబరు 10న ఐక్యరాజ్యసమితి ఆమోదించిన మానవ హక్కుల ప్రకటన మొదటి అధికరణం ముసాయిదాలో ‘పురుషులందరూ’ అనే అర్థం వచ్చే మాట ఉండేది. దాన్ని ‘మనుషులందరూ’ అని మార్పించింది సూరత్‌లో పుట్టిన హంసా మెహతా. అంతకు 67 ఏళ్ల ముందే, 1881 డిసెంబరు 11న, రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం గారు మొదటి వితంతు వివాహం జరిపించారు. ఆయన వాదించింది మన శాస్త్రాలు చూపించే. ఊరు వెలివేసి వంటవాళ్లు రాకపోతే ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ గారు తనే గోదావరి నీళ్లు మోసి వండిపెట్టారు. ఆ బిందె మోసిన చేతులు మన సంప్రదాయంలోవి కావా? మొన్న మొన్నటి సంగతి, 2022 మేలో మహారాష్ట్రలోని కొల్హాపూర్ జిల్లా హేర్వాడ్ గ్రామ పంచాయతీ, భర్త పోయిన ఆడవాళ్ల గాజులు పగలగొట్టడం, బొట్టు చెరపడం ఆపాలని తీర్మానించింది. ఆ తీర్మానం చేసినవాళ్లు ఆ ఊరివాళ్లే. ఆచారమంటే మేనత్త మాట ఒక్కటే కాదు, దాన్ని మోయలేక కన్నీళ్లు పెట్టుకున్నవాళ్ల మాట కూడా.

మీకూ ఒక మాట చెప్పాలి, కష్టంగా ఉన్నా వినండి. అమ్మ తరఫున పోట్లాడుతున్నాననుకుంటూ అమ్మను అడగడం మీరూ మరిచిపోవచ్చు. బొట్టు, పూలు ఆవిడకు పుట్టింటి నుంచి వచ్చినవే, తాళితో వచ్చినవి కావు. అయినా భర్త మీది దుఃఖంతో ఇప్పుడు వద్దనుకుంటే అది కూడా ఆవిడ హక్కే. బలవంతంగా పెట్టించకండి.

ఒక సాయంత్రం ఇంట్లో ఎవరూ లేనప్పుడు పక్కన కూర్చోండి. హక్కుల మాట ఎత్తకండి. ‘అమ్మా, ఎవరూ ఏమీ అనరని తెలిస్తే, దాని తల మీద నీ చేత్తో అక్షింతలు వేయాలని ఉందా?’ అని అడిగి, తొందరపెట్టకుండా ఊరుకోండి. ‘నాకు వద్దు’ అంటే ఒప్పుకోండి. ‘ఎవరైనా ఏమైనా అంటే’ అని మొదలుపెడితే మాత్రం అది భయం. ఆ భయం తీర్చాల్సింది మీరు.

అప్పుడు ముందుగా మీ మేనకోడలితో మాట్లాడండి. ‘నానమ్మ దీవెన లేకుండా పీటల మీద కూర్చోను’ అని పెళ్లికూతురే అంటే అన్నయ్య కాదనడం కష్టం. పురోహితుడితోనూ, వరుసకు పెద్దయిన ఒకరిద్దరు ముత్తైదువలతోనూ ముందే మాట్లాడి ఉంచండి. పందిట్లో అప్పటికప్పుడు వాదన పెట్టుకుంటే అందరి కళ్లూ అమ్మ మీదే పడతాయి, అది ఆవిడ తట్టుకోలేదు. మేనత్తతో కఠినంగా మాట్లాడకండి. ఆవిడా ఇవే మాటలు వింటూ పెరిగింది.

అమ్మ ఒప్పుకుంటే అక్షింతల పళ్లెం మీరే పట్టుకుని, చేయి పట్టుకుని ఆవిడను పందిట్లోకి తీసుకెళ్లండి. వద్దంటే, ఆ రోజంతా ఆవిడ ఎక్కడ కూర్చుంటే అక్కడే మీరూ కూర్చోండి.