సగం నొక్కి ఆగండి: కొత్త కెమెరా ప్రశ్నలకు జవాబులు

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో సగానికి పైగా ఒకే రకం. కొత్తగా చిన్న డిజిటల్ కెమెరా చేతికొచ్చింది, ఏం చేయాలో తెలియడం లేదు అని. ఫోన్‌కి అలవాటు పడినవాళ్లకి ఈ కెమెరా మొదట్లో మొండిగా అనిపిస్తుంది. ఫోన్ మనల్ని అడక్కుండానే నాలుగైదు ఫొటోలు గబగబా తీసి, కలిపి, చీకటిని కాస్త వెలుగు చేసి చూపిస్తుంది. చిన్న కెమెరా మామూలుగా అంత పని చేయదు, చాలా విషయాలు మనమే దానికి చెప్పాలి. ఎలా చెప్పాలో ఒక్కొక్క ప్రశ్నలో చూద్దాం.

ప్రశ్న: ఇన్నాళ్లూ ఫోన్‌తోనే ఫొటోలు తీశాను. మా అమ్మాయి చిన్న కెమెరా కానుకగా ఇచ్చింది. డబ్బాలో ఉన్న పుస్తకం చూస్తేనే టెన్షన్‌గా ఉంది. బ్యాటరీని మొదటిసారి ఎనిమిది గంటలు ఛార్జ్ చేయాలంటున్నారు, నిజమేనా? అసలు ఎక్కడ మొదలుపెట్టాలండీ?

జవాబు: ముందు బ్యాటరీ సంగతి. ఆ ఎనిమిది గంటల మాట పాత నికెల్ కాడ్మియం బ్యాటరీల రోజుల్లోది. ఇప్పటి చిన్న కెమెరాల్లో దాదాపు అన్నిట్లోనూ ఉండేది లిథియం అయాన్ బ్యాటరీ. నిండిందని ఛార్జర్ దీపం చెప్పగానే తీసేయొచ్చు, పూర్తిగా అయిపోయేదాకా వాడి మళ్లీ ఎక్కించాలన్న నియమమూ దీనికి లేదు. నెలల తరబడి కెమెరా వాడరనుకుంటే మాత్రం సగం ఛార్జ్ ఉంచి, వేడి తగలని చోట పెట్టండి.

ఛార్జ్ అవుతుండగా చేతి పట్టీ తగిలించేయండి. దీన్ని చాలామంది డబ్బాలోనే వదిలేస్తారు, నాకు అదే బాధ. ఈ కెమెరాల లెన్స్ ఆన్ చేయగానే ముందుకు పొడుచుకొస్తుంది, ఆ స్థితిలో చేయి జారి కింద పడితే లోపలి గొట్టాలు పక్కకి తిరిగి మళ్లీ లోపలికి వెళ్లవు. ఇసుక పడ్డా అంతే, కాబట్టి ఇసుక ఎగిరే చోట ఆన్ చేయకండి.

తర్వాత కెమెరా తేదీ, టైము అడుగుతుంది. దాటేయకండి. ప్రతి ఫొటోతో పాటు అది తీసిన తేదీ, టైము ఫైల్లో రాసి ఉంటాయి, కంప్యూటర్‌లో వేలకొద్దీ ఫొటోలు వరుసలో నిలబడేది వాటి వల్లే. తేదీ తప్పుగా ఉంటే మనవరాలి మొదటి అడుగులు ఎప్పుడో పాతకాలం ఫొటోల మధ్యకి పోతాయి. బ్యాటరీ తీసేసి చాలా రోజులు ఉంచితే కొన్ని కెమెరాలు తేదీ మర్చిపోతాయి కూడా, అప్పుడు మళ్లీ పెట్టుకోవాలి. కార్డు పెట్టాక దాన్ని కెమెరా మెనూలోంచే ఫార్మాట్ చేయండి. అందులో పాత ఫొటోలేమైనా ఉంటే అన్నీ పోతాయి, ముందు చూసుకోండి.

పుస్తకం ఇంక మూసేయండి, మొదటి వారం దానితో పని లేదు. మోడ్ ఆటోలోనే ఉంచండి. ఈ వారంలో నేర్చుకోవాల్సింది ఒకటే, బటన్‌ని సగం నొక్కడం. ఫోన్‌లో ముట్టుకోగానే ఫొటో పడిపోతుంది కదా, కెమెరా షట్టర్ బటన్‌కి రెండు మెట్లుంటాయి. మెల్లగా నొక్కితే ఒకచోట చిన్నగా అడ్డు తగులుతుంది, అక్కడ ఆగాలి. ఆగినప్పుడు కెమెరా ఫోకస్ చూసుకుంటుంది, వెలుగు కొలుచుకుంటుంది, సిద్ధమయ్యాక ఆకుపచ్చ చదరం చూపిస్తుంది, చాలా కెమెరాలు బీప్ మంటాయి. ఆ చదరం మీరనుకున్న మనిషి మీదే పడిందా, వెనకాల గోడ మీద పడిందా చూసి, సరిగ్గా ఉంటే వేలు ఎత్తకుండా పూర్తిగా నొక్కండి. గోడ మీద పడితే వదిలేసి మళ్లీ సగం నొక్కండి. మనిషి ఓ పక్కన ఉండాలనుకుంటే, ముందు ఆ మనిషిని మధ్యలో పెట్టి సగం నొక్కి పట్టుకుని, అలాగే కెమెరాని కొంచెం తిప్పి నొక్కితే ఫోకస్ ఆ మనిషి మీదే నిలుస్తుంది. బల్ల మీద కప్పు పెట్టుకుని ఒక 50 సార్లు చేయండి. ఫిల్ము ఖర్చేమీ లేదు కదా.

ప్రశ్న: బయట తీస్తే అద్దంలా వస్తున్నాయి. సాయంత్రం ఇంట్లో పిల్లల్ని తీస్తే అన్నీ మసకే. కెమెరాలో లోపమా? మార్చమని అడగాలా?

జవాబు: లోపం అయ్యుండదు, తొందరపడకండి. ఎండలో వెలుగు సుమారు లక్ష లక్స్ (వెలుగుని కొలిచే ప్రమాణం) దాకా ఉంటుంది, ఇంట్లో రాత్రి దీపాల కింద రెండు మూడు వందలు ఉంటే గొప్ప. మన కన్ను ఆ తేడాకి ఎంత చక్కగా సర్దుకుంటుందంటే గది వెలుగ్గానే ఉందనుకుంటాం, కెమెరాకి మాత్రం అది చీకటే. కావలసినంత వెలుగు పోగుచేసుకోవడానికి అది వెలుగుని లోపలికి వదిలే తలుపులాంటి షట్టర్‌ని ఎక్కువసేపు తెరిచి ఉంచుతుంది, ఆ కాస్తసేపట్లో ఏది కదిలినా మసకే.

ఒక చెడిపోయిన ఫొటోని తెర మీద పెద్దది చేసి చూడండి. గోడ, కుర్చీ, పిల్లాడు అన్నీ ఒకే వైపుకి సాగినట్టుంటే మీ చేయి కదిలింది. కుర్చీ స్పష్టంగా ఉండి పిల్లాడు మాత్రమే చెదిరితే వాడు కదిలాడు. వాడి వెనకాల క్యాలెండర్ అక్షరాలు కూడా కనిపిస్తూ వాడి ముఖం మెత్తగా ఉంటే ఫోకస్ తప్పింది, అది సగం నొక్కి చూసుకుంటే పోతుంది. మూడు జబ్బులకీ మందు వేరు, అందుకే ముందు ఏదో తెలుసుకోవాలి.

చేయి కదలడానికి మందుగా కెమెరాలో స్టెబిలైజేషన్ (చేతి వణుకుని సర్దే ఏర్పాటు) ఉంటుంది, అది ఆన్‌లో ఉందో లేదో చూడండి, మోచేతులు ఒంటికి ఆనించి పట్టుకోండి. పిల్లాడి కదలికని మాత్రం ఏ స్టెబిలైజేషనూ ఆపలేదు, షట్టర్ వేగంగా మూసుకోవడం ఒక్కటే దారి. సగం నొక్కినప్పుడు తెర కింద ఒక అంకె కనిపిస్తుంది (కొన్నిట్లో డిస్‌ప్లే బటన్ నొక్కితే వస్తుంది). 1/15 అని ఉంటే సెకనులో పదిహేనో వంతు తెరిచి ఉంటుందన్నమాట, ఆడుకునే పిల్లాడికి అది అస్సలు చాలదు. కుదురుగా కూర్చుని కబుర్లు చెబుతుంటే 1/60, 1/125 చాలొచ్చు, పరుగెత్తే పిల్లాడికి 1/250 కన్నా వేగం కావాలి.

ఆ వేగం పెరగాలంటే వెలుగు పెరగాలి. ఉన్న దీపాలన్నీ వేయండి, పగలైతే కిటికీ దగ్గరికి పిలవండి. ఇంకొకటుంది, దీన్ని చాలామంది గమనించరు: ఇంట్లో జూమ్ చేయకండి. ఈ చిన్న లెన్సులు జూమ్ చేయకుండా వెడల్పుగా ఉన్నప్పుడు ఎఫ్ 3 (ఎఫ్ అంకె పెరిగేకొద్దీ లెన్స్ రంధ్రం చిన్నదైనట్టు) దగ్గర ఉండి, పూర్తిగా జూమ్ చేస్తే ఎఫ్ 6 దాకా పోతాయి, అంటే లోపలికొచ్చే వెలుగు నాలుగో వంతుకి పడిపోతుంది. దానికి తోడు జూమ్ చేసినకొద్దీ చేతి వణుకు పెద్దదై కనిపిస్తుంది. కాబట్టి జూమ్ పూర్తిగా వెనక్కి లాగేసి మీరే రెండడుగులు ముందుకేయండి. ఈ ఒక్క మార్పుతో సాయంత్రం ఫొటోలు చాలా వరకు బాగుపడతాయి.

ఇవన్నీ చేసినా చాలకపోతే ఐఎస్ఓ, అంటే కెమెరా వెలుగుకి ఎంతగా స్పందించాలో చెప్పే అంకె, పెంచాలి. పెంచితే చుక్కచుక్కలుగా వస్తుంది, ఎందుకంటే మామూలు చిన్న కెమెరాలో వెలుగుని ఫొటోగా మార్చే చిప్, అంటే సెన్సర్, 6.2 మిల్లీమీటర్ల వెడల్పు, 4.6 మిల్లీమీటర్ల ఎత్తు మాత్రమే, చిటికెన వేలి గోరంత కూడా ఉండదు. ఒక అంగుళం రకం అని అమ్మేవాటిలో 13.2 మిల్లీమీటర్ల వెడల్పు, 8.8 ఎత్తు ఉంటుంది, విస్తీర్ణం నాలుగు రెట్లు, అందుకే అవి సాయంత్రాలు బాగా నిలబడతాయి. (అంగుళం అన్న పేరు పాత వీడియో కెమెరాల గాజు గొట్టాల కొలత నుంచి వచ్చింది, సెన్సర్ మీద ఎటు కొలిచినా అంగుళం రాదు.) అయినా నా మాట వినండి, చుక్కలున్నా స్పష్టంగా ఉన్న ఫొటోని దాచుకుంటాం, చెదిరిన ముఖాన్ని ఏ సాఫ్ట్‌వేరూ పూర్తిగా బాగుచేయలేదు. మొహమాటం లేకుండా 1600 పెట్టేయండి.

ఫ్లాష్ సంగతి చెప్పాలంటే, అది మూడు నాలుగు మీటర్ల దాకా పనికొస్తుంది. పెద్ద హాల్లో వెనక వరసలో కూర్చుని వేదిక మీదకి ఫ్లాష్ వేస్తే ముందు కూర్చున్నవాళ్ల తలలే వెలుగుతాయి.

ప్రశ్న: మా తెల్ల కుక్క ఫొటోలో బూడిద రంగులో వస్తోంది. కిటికీ ముందు కూర్చున్న మా ఆయన ముఖం నల్లగా వస్తోంది. ఏం చేయను?

జవాబు: రెండూ ఒకటే సమస్యండీ, భలే జతచేసి అడిగారు. కెమెరాకి ఎదురుగా ఉన్నది తెల్ల కుక్కో నల్ల కుక్కో తెలీదు. తెరలో ఉన్నదంతా కలిపితే ఒక మధ్యస్థమైన బూడిద రంగు రావాలని లెక్క వేసుకుంటుంది, ఆ లెక్క ఎక్కువ దృశ్యాలకి సరిపోతుంది కూడా. తెరనిండా తెలుపుంటే మాత్రం, అమ్మో వెలుగు ఎక్కువైందనుకుని తగ్గించేస్తుంది. కిటికీ ముందు మనిషికీ అంతే, కిటికీ వెలుగు చూసి తగ్గిస్తుంది, పాపం ముఖం నల్లబడుతుంది.

మీ కెమెరాలో ప్లస్, మైనస్ గుర్తులు కలిసి ఉన్న బటన్ ఒకటుంటుంది. పూర్తి ఆటోలో అది చాలా కెమెరాల్లో పనిచేయదు, పి మోడ్‌కి (చాలా లెక్క కెమెరాదే, కొన్ని మార్పులు మన చేతిలో ఉండే మోడ్) మారండి. కుక్కకి ప్లస్ 1 పెట్టి తీయండి, తెల్లబడుతుంది. నల్ల పిల్లికైతే మైనస్. మీవారికి ప్లస్ పెడితే ముఖం తేలుతుంది కానీ కిటికీ బయట తోట అంతా తెల్లగా మాడిపోతుంది, రెండూ కావాలంటే ప్లస్ వద్దు, ఫ్లాష్‌ని ఆటోలో వదలకుండా ఎప్పుడూ వెలిగేలా పెట్టి దగ్గర నుంచి తీయండి. పట్టపగలు ఫ్లాష్ ఏంటని నవ్వినా పట్టించుకోవద్దు. పని అయ్యాక ఆ ప్లస్‌ని సున్నాకి తెచ్చేయండి, లేకపోతే మర్నాటి ఫొటోలన్నీ వెలిసిపోయినట్టు వస్తాయి.

ప్రశ్న: డబ్బా మీద జూమ్ 30 రెట్లు అని రాశారు, తెర మీద 120 దాకా పోతోంది. ఏది నిజం?

జవాబు: 30. అక్కడిదాకా లెన్స్ చేసే పని. ఆ పైన కెమెరా చేసేదల్లా ఫొటో మధ్యభాగాన్ని కత్తిరించి సాగదీయడమే, అది మీరు ఇంటికెళ్లి కంప్యూటర్‌లో చేసుకోవచ్చు. మెనూలో డిజిటల్ జూమ్ ఆపేయండి.

ప్రశ్న: ఫొటో సైజు తగ్గిస్తే కార్డులో ఎక్కువ పడతాయని మా తమ్ముడు చిన్న సైజు పెట్టాడు. మంచిదేనా?

జవాబు: వెంటనే పెద్దదానికి మార్చేయండి. ఒక్కో ఫొటో 8 ఎంబీ అనుకున్నా 64 జీబీ కార్డులో 7 వేలకు పైనే పడతాయి, పొదుపు దేనికి? నిజమే, 4 బై 6 అంగుళాల ప్రింటుకి 1200 బై 1800 పిక్సెళ్లు, అంటే రెండు మెగాపిక్సెళ్ల పైచిలుకు చాలు. కానీ రేపు అదే ఫొటోలోంచి ఒక్క ముఖం కత్తిరించి పెద్దది చేయించాలనిపిస్తే అప్పుడు పిక్సెళ్లు ఎక్కడినుంచి తెస్తాం? పెద్దదాన్ని ఎప్పుడైనా చిన్నది చేసుకోవచ్చు. రా ఫార్మాట్ (సెన్సర్ పట్టినదాన్ని పెద్దగా మార్చకుండా దాచే ఫైలు రకం) గురించి కూడా ఇద్దరు ముగ్గురు అడిగారు, ఇప్పుడే వద్దు, పైన చెప్పినవి చేతికి అలవాటయ్యాక చూడొచ్చు.

ప్రశ్న: పొరపాటున కార్డులో ఫొటోలన్నీ డిలీట్ చేసేశాను. ఇక రావా?

జవాబు: ఆ కార్డుతో ఇంకొక్క ఫొటో కూడా తీయకండి. ముందు కెమెరాలోంచి బయటికి తీసి, పక్కన ఉన్న చిన్న లాక్ మీటని జరిపి పెట్టండి. డిలీట్ కొట్టినప్పుడు మామూలుగా పోయేది విషయసూచిక లాంటిది, ఫొటోల డేటా చాలావరకు కార్డులో అలాగే ఉంటుంది, దాని మీద కొత్త ఫొటో రాసినప్పుడే నిజంగా పోతుంది. రికవరీ సాఫ్ట్‌వేర్‌తో కంప్యూటర్‌లో వెతికించండి, దొరికినవాటిని అదే కార్డులోకి కాకుండా వేరే చోటకి దించుకోండి.

మా నాన్నగారి ఫొటోలు ఒక ఏడాదివి నేనిలాగే పోగొట్టుకున్నాను. డిలీట్ కాదు, కార్డే పాడైంది. రేపు ఎక్కిస్తాను, ఎల్లుండి ఎక్కిస్తాను అనుకుంటూ ఉండిపోయాను. ఆ తర్వాతి ఏడాది ఆయన లేరు. అందుకే అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెబుతున్నాను, తీసిన రోజే కంప్యూటర్‌లోకి ఎక్కించండి, అక్కణ్నుంచి ఇంకోచోటకి కూడా కాపీ చేయండి. రెండు చోట్లా ఉన్నాయని కళ్లారా చూశాకే కార్డు ఖాళీ చేయండి.

ప్రశ్న: నాకు 74 ఏళ్లు. చేతులు కొంచెం వణుకుతాయి. ఈ వయసులో కెమెరా కొనుక్కుని తప్పు చేశానా?

జవాబు: తప్పేమీ లేదండీ, చాలా మంచి పని చేశారు. కెమెరా పట్టీని మెడలో వేసుకునేంత పొడవైనదానికి మార్చుకుని, తీసేటప్పుడు పట్టీ బిగుతుగా సాగేలా కెమెరాని ముందుకు చాచి పట్టుకోండి, అది మూడో చేయిలా ఆపుతుంది. గోడకో స్తంభానికో భుజం ఆనించండి. కదలని వాటిని తీసేటప్పుడు కెమెరాని బల్ల మీదో గట్టు మీదో పెట్టి, టైమర్ రెండు సెకన్లకి పెట్టి నొక్కి చేయి తీసేయండి, మీ వేలి కదలిక సద్దుమణిగాకే ఫొటో పడుతుంది. మనుషుల్ని తీసేటప్పుడు మెనూలో వరుసగా తీసే పద్ధతి పెట్టుకుని, సగం నొక్కి ఆగి, ఊపిరి వదిలి, మూడు నాలుగు ఫొటోలు పడేదాకా బటన్ నొక్కే ఉంచండి. నొక్కిన అదురు మొదటిదానికి, వేలు ఎత్తిన అదురు చివరిదానికి తగులుతుంది, చాలాసార్లు బాగా వచ్చేవి మధ్యలోవే. వాటిని ఉంచుకుని మిగతావి తీసేయండి.