గ్రూపు కలవని గుండె పసివాడికి పెట్టొచ్చా?

మీ ఏడు నెలల బాబుది ఓ పాజిటివ్, ఎ గ్రూపు గుండె దొరికినా పెడతామంటున్నారు, నమ్మొచ్చా అని రాయగడ నుంచి అడిగారు. పర్లాకిమిడిలో ఉండే మా చెల్లి కూతురికి గుండె కండరం బలహీనపడినప్పుడు మాకూ ఇదే మాట చెప్పారు. బరంపురంలో బ్లడ్ బ్యాంకు టెక్నీషియన్‌ని నేను. గ్రూపు తప్పితే ప్రాణం పోతుందని రోజూ నలుగురికి చెప్పే నోరు ఊరుకుంటుందా, డాక్టరుతో వాదనకు దిగాను.

నిజానికి నాకు తెలిసిన సంగతే. నాలుగు నెలల లోపు పిల్లలకు మేం రివర్స్ గ్రూపింగ్, అంటే సీరంలోని యాంటీబాడీలను బట్టి గ్రూపు తేల్చే పరీక్ష, చేయం. వాళ్ల సీరంలో ఎ కణాలు వేసి తిప్పినా సాధారణంగా గడ్డ కట్టవు, ట్యూబు కదిపితే ఎర్రగా కలిసిపోతాయి. పరాయి గ్రూపు మీద పడే యాంటీబాడీలు పేగుల్లో సూక్ష్మజీవులు చేరాక మెల్లగా తయారవుతాయి. పెద్దవాళ్లలో కొత్త గుండెను పాడుచేసేవి అవే. టొరంటోలో డాక్టర్ లోరీ వెస్ట్ బృందం 1996 నుంచి పదిమంది పసివాళ్లకు ఇలా గ్రూపు కలవని గుండెలు పెట్టి, 2001లో ఆ ఫలితాలు ప్రచురించింది. హార్ట్ లంగ్ మెషిన్ మీద ఉండగానే ప్లాస్మా మార్చి, ఉన్న కాసిని యాంటీబాడీలనూ తీసేస్తారు. విచిత్రమేమిటంటే, ఇలా ఎ గుండె పెట్టిన ఓ గ్రూపు పిల్లల్లో చాలామందికి పెరిగాక కూడా యాంటీ ఎ, అంటే ఎ గ్రూపు మీద పడే యాంటీబాడీ, పెద్దగా తయారవదు.

అందుకే టైటర్, అంటే ఆ యాంటీబాడీలు ఎంత ఉన్నాయో చెప్పే లెక్క, ఎంతో అడగండి. రెండో అంకె పెరిగితే యాంటీబాడీలు పెరిగినట్టు. మా పాపకు ఆరో నెలలో 1:2 ఉండేది, ఏడాది నిండేసరికి 1:16 అయింది. ఆ రిపోర్టు చూసి మా చెల్లి ఏడ్చేసింది.

ఇంకోటి, ఇది మాత్రం మరిచిపోకండి. ఓ గ్రూపు బాబే కదా అని ఓ గ్రూపు ప్లాస్మా ఎక్కిస్తే అందులోని యాంటీ ఎ బాబు ఒంట్లోకి చేరుతుంది. ఎర్రకణాలు ఓ గ్రూపువి, ప్లాస్మా ఎబి గ్రూపుది ఇవ్వాలి. పాప ఫైలు అట్ట మీద ఈ మాట ఎర్ర స్కెచ్ పెన్నుతో తెలుగులో, ఒడియాలో, ఇంగ్లీషులో రాశాను. ఒక రాత్రి దగ్గర్లోని ఆసుపత్రిలో డ్యూటీ కుర్రాడు ఓ గ్రూపు ప్లాస్మా సంచి తగిలించబోతే మా చెల్లి ఆ అట్ట చూపించే ఆపింది.

మా పాపకు గుండె దొరకనే లేదు. అదృష్టం బాగుండి మందులతోనే పంపింగ్ మెరుగైంది, లిస్టులోంచి తీసేశారు. ఇంతకీ మీ బాబు టైటర్ ఎంత? యాంటీ ఎ, యాంటీ బి విడివిడిగా ఇస్తారు, రెండూ రాయండి.