తొమ్మిది నెలల బాబు ఒక్క చేత్తోనే ఆడుతున్నాడు.. ఏడాది దాకా ఆగొచ్చా?

ప్రశ్న: మాది కూకట్‌పల్లి. మా బాబుకు తొమ్మిది నెలలు. 32 వారాలకే పుట్టాడు, మూడు వారాలు ఎన్ఐసీయూలో (నవజాత శిశువుల ఐసీయూ) ఉంచారు. ఇంకా సొంతంగా కూర్చోవడం లేదు. ఏది చూపించినా కుడి చేత్తోనే అందుకుంటాడు. ఎడమ చేయి ఎప్పుడూ గుప్పిట బిగించే ఉంటుంది. డైపర్ మార్చేటప్పుడు కాళ్లు బిగుసుకుంటాయి. ‘మగపిల్లలకు అన్నీ కాస్త లేటే, మొదటి పుట్టినరోజు దాకా చూద్దాం’ అంటారు మా అత్తయ్య. సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతినడం వల్ల కదలికల్లో వచ్చే లోపం) గురించి చదివినప్పటి నుంచి టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఆగొచ్చా డాక్టర్?

జవాబు: ఆగొద్దమ్మా. ఈ వారంలోనే పిల్లల న్యూరాలజిస్టుకు చూపించండి. అయితే మీరు రాసినవాటిలో కొన్ని భయపడాల్సినవి కావు.

ముందు కూర్చోవడం సంగతి. బాబు దాదాపు రెండు నెలలు ముందే పుట్టాడు కాబట్టి ఆ రెండు నెలలూ తీసేసి లెక్క వేయాలి. ఎదుగుదల లెక్కలో అతనికి ఇప్పుడు ఏడు నెలలే. ఆ వయసుకు ఆసరా లేకుండా కూర్చోలేని పిల్లలు చాలామందే ఉంటారు. ఇదొక్కటే అయితే కొన్నాళ్లు చూద్దామని నేనూ అనేదాన్ని.

నన్ను ఆలోచనలో పడేసింది ఎడమ చేయి. ఏడాదిలోపు పిల్లలకు కుడిచేతి వాటం, ఎడమచేతి వాటం అంటూ ఉండవు. బొమ్మ ఏ వైపు ఉంటే ఆ చేత్తో అందుకుంటారు. ఇంత చిన్న వయసులో ఒక్క చేయే వాడుతుంటే, రెండోది ఎందుకు రావడం లేదో చూడాలి. గుప్పిళ్లు కూడా నాలుగో నెల దాటేసరికి చాలావరకు విచ్చుకోవాలి. కాళ్లు కత్తెరలా ఒకదాని మీద ఒకటి పడుతున్నాయా, ఎత్తి నిలబెడితే మునివేళ్ల మీదే ఆనుతున్నాడా అన్నది గమనించండి. బిగుసుకోవడమే కాదు, మరీ మెత్తగా వేలాడిపోవడం, నాలుగు నెలలు దాటినా మెడ నిలవకపోవడం, పాలు తాగడానికి ఇబ్బంది పడటం కూడా సెరిబ్రల్ పాల్సీ లక్షణాలు కావచ్చు.

కాళ్ల మీద పడుకోబెట్టుకుని స్నానం చేయించే పెద్దవాళ్లు చాలాసార్లు మాకంటే ముందే పసిగడతారు. ‘బిడ్డ కట్టెలా బిగుసుకుంటున్నాడు’ అని ఏ అమ్మమ్మ అన్నా నేను ఆ మాట రాసుకుంటాను. మీ అత్తయ్యను కూడా డాక్టర్ దగ్గరకు వెంట తీసుకెళ్లండి.

ఎదిగే దశలో మెదడు దెబ్బతినడం వల్ల వచ్చే సమస్య సెరిబ్రల్ పాల్సీ. నెలలు నిండకుండా పుట్టడం, పుట్టినప్పుడు ఆక్సిజన్ అందకపోవడం, కామెర్లు బాగా ముదరడం, మెదడువాపు లాంటివి కారణాలు. ఆ దెబ్బ రోజురోజుకూ పెరిగేది కాదు. చేయగలిగిన పనులు పిల్లలు మరిచిపోతుంటే అది వేరే జబ్బు కావచ్చు, ఆ మాట డాక్టర్‌కు తప్పక చెప్పాలి. సెరిబ్రల్ పాల్సీ ఉన్నంత మాత్రాన తెలివి తక్కువని అనుకోవద్దు, చక్కగా చదువుకునే పిల్లలు ఎందరో ఉన్నారు.

ఆగొద్దనడానికి కారణం ఒకటే. మొదటి రెండేళ్లలో మెదడు కొత్త దారులు వెతుక్కునే శక్తి ఎక్కువ. ఎడమ చేతితో ఇప్పుడు పని చేయించకపోతే మెదడు ఆ చేతిని పక్కన పెట్టేస్తుంది. అందుకే జబ్బు పేరు తేలకముందే ఫిజియోథెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ (రోజువారీ పనులకు చేతులను అలవాటు చేసే శిక్షణ) మొదలుపెడతాం. డాక్టర్ మెదడుకు ఎమ్మారై స్కాన్ అడగవచ్చు. అది నార్మల్ వచ్చినా థెరపీ ఆపకండి. కళ్లు, చెవుల పరీక్షలూ చేయించండి. ప్రభుత్వపరంగా నిలోఫర్ ఆస్పత్రి ఉంది. థెరపీకి బోయినపల్లి మనోవికాస్‌నగర్‌లో ఎన్ఐఈపీఐడీ (మేధో వైకల్యం ఉన్నవారి కోసం పనిచేసే జాతీయ సంస్థ) ఉంది.

ఒక్క విషయంలో మాత్రం అపాయింట్‌మెంట్ కోసం చూడొద్దు. నిద్ర లేవగానే తల వాల్చి, చేతులు ఒక్కసారిగా విసిరినట్టు వరుసగా ఉలిక్కిపడుతుంటే అది ఒక రకం ఫిట్స్ కావచ్చు. అదే రోజు ఆస్పత్రికి వెళ్లాలి.

వాకర్‌లో కూర్చోబెట్టకండి. నూనె మర్దన చేయొచ్చు కానీ, బిగుసుకున్న కాళ్లను బలవంతంగా లాగొద్దు. ఎన్ఐసీయూ డిశ్చార్జి కాగితాలు తీసుకెళ్లండి. ఎడమ వైపు బొమ్మ పెట్టి, బాబు దాన్ని ఎలా అందుకుంటున్నాడో ఫోన్‌లో వీడియో తీసి ఉంచుకోండి. కొత్త చోట పిల్లలు ఏడుస్తారు కదా, ఇంట్లో తీసిన ఆ రెండు నిమిషాలు మాకు చాలా పనికొస్తాయి.